రెండో తాళం

"ఇది బాగుపడే బండి కాదు సార్. టోటల్ లాస్ రాసేస్తున్నాను," అన్నాడు బీమా కంపెనీ సర్వేయరు, గ్యారేజీ మూలన కుప్పకూలి ఉన్న మోటారు సైకిలు చుట్టూ మరోసారి తిరిగి.

గోదాము సూపర్‌వైజరు ప్రాణం ఉసూరుమంది. కొని ఎనిమిది నెలలే అయింది. హ్యాండిలు వెనక్కి తిరిగిపోయింది. ఇంజను పగిలి నూనె కారి ఎండిపోయింది. రోజూ తన మొహం చూసుకుని మురిసిపోయే ట్యాంకు మీద ఇప్పుడు పిడికిలి పట్టేంత సొట్ట. కంపెనీ పరిహారం ఇస్తుంది కదా అని సర్వేయరు ఓదార్చబోయాడు గానీ, అది అతని చెవికెక్కలేదు.

"అది వస్తే వస్తుంది, పోతే పోతుంది. ముందు వాడి అంతు చూడాలి," అన్నాడు పళ్ళు నూరుతూ.

వాడంటే కింది వాటా డ్రిల్లు మాష్టారు. బండి తన గుమ్మానికి అడ్డంగా పెడుతున్నాడని ఆయన వారానికోసారైనా తగాదా పెట్టుకునేవాడు. ఏదో ఒకరోజు దీన్ని గుంతలోకి తోసేస్తానని వీధి వీధంతా వినేలా అరిచాడు కూడా. అరిచిన పదో రోజున, ఆదివారం మధ్యాహ్నం, అందరూ భోంచేసి కునుకు తీస్తున్న వేళ, బండి ఏటవాలు వీధి దిగి చివరనున్న రాళ్ళ గుంతలో పడింది. సూపర్‌వైజరు లెక్కలో ఇంక విచారించాల్సిందేమీ లేదు.

అతని భార్య మాత్రం ఒప్పుకోలేదు.

"ఆయన కాదండీ. నోరే పెద్దది గానీ అంత పని చేసే మనిషి కాదు," అంది వడ్డిస్తూ.

"నీకు లోకం తెలీదు. నువ్వు అందర్నీ నీలాగే అనుకుంటావు."

ఆవిడ మెత్తదనం అతనికి కొత్తేమీ కాదు. బండి కొనేటప్పుడు చేతిలో ఉన్నది చాలకపోతే, ఆవిడ అక్క పురిటికని వెళ్ళిన వారంలో, కిటికీ పక్కనున్న కుట్టు మిషను అమ్మేశాడు. దాని మీద ఆవిడ వీధిలో సగం మందికి బట్టలు కుట్టేది. తిరిగొచ్చాక ఎక్కడ రాద్ధాంతం చేస్తుందోనని భయపడ్డాడు గానీ, ఆవిడ మిగిలిపోయిన సూదుల డబ్బా తీసి బీరువాలో పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇంత సర్దుకుపోయే ఇల్లాలు ఎవరికి దొరుకుతుందని గోదాములో గొప్పగా చెప్పుకునేవాడు.

రెండు రోజుల తర్వాత సర్వేయరు ఫారాలు పట్టుకుని ఇంటికే వచ్చాడు. కుర్చీలో కూర్చుని, ఎన్నో ఇళ్ళలో అప్పజెప్పిన పాఠం ఇక్కడా అప్పజెప్పాడు. తాగి నడిపినా, లైసెన్సు లేకపోయినా, ఇంట్లోవాళ్ళే కావాలని పాడుచేసినా, బయటివాళ్ళకి అద్దెకిచ్చినా కంపెనీ పైసా ఇవ్వదు. రిజిస్ట్రేషన్ కాగితాలతో పాటు బండి తాళాలు రెండూ జమ చెయ్యాలి.

"రెండూ ఎందుకు?" అన్నాడు సూపర్‌వైజరు.

"మా పద్ధతి అది సార్. పైగా మీ బండి హ్యాండిలు లాకు పగల్లేదు. ఎవరో తాళం పెట్టే తీశారు. ఆ తర్వాత స్టాండు లేపితే చాలు, మీ వీధి వాలుకి చంటిపిల్ల తోసినా పోతుంది."

ఒక తాళం ఎప్పుడూ సూపర్‌వైజరు దగ్గరే ఉంటుంది. ఆ ఆదివారం కూడా దిండు కింద పెట్టుకునే పడుకున్నాడు. రెండోది షోరూం వాళ్ళిచ్చిన కవర్లో ఉండాలి. కవరు దొరికింది గానీ అందులో తాళం లేదు. పరుపులెత్తాడు, సొరుగులు గుమ్మరించాడు, అటక మీదకెక్కి దుమ్ము దులిపాడు. ఆ హడావుడిలో చొక్కా గుండీ ఒకటి ఎగిరిపోయింది. భార్య చొక్కా విప్పించుకుని, బీరువాలోంచి సూదుల డబ్బా తెచ్చి ఒళ్ళో పెట్టుకుని, ఓ పక్కన కూర్చుని గుండీ కుట్టసాగింది.

ఉన్నట్టుండి సూపర్‌వైజరు మొహం వెలిగింది. కిందటి నెల నీళ్ళ మోటారు స్విచ్చు వెయ్యడానికని మాష్టారు పైకి రాలేదూ? అప్పుడే కొట్టేసుంటాడు. వెంటనే కాగితం తీసుకుని పోలీసులకు ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాడు. దొంగతనం ఒకటి, ఆస్తి ధ్వంసం ఒకటి. రాస్తున్నకొద్దీ కసి పెరుగుతోంది, దానితోపాటే హుషారు కూడా.

"వచ్చే నెల ప్రమోషన్ ఇస్తారట వాడికి. కేసు పడిందంటే ఉన్న ఉద్యోగం కూడా ఊడుతుంది. పెళ్ళాం పిల్లల్తో సహా వీధిలో నిలబెడతాను," అన్నాడు సర్వేయరుతో.

ఇలాంటివి కాస్త రుజువు దొరికాక రాస్తే మంచిదని సర్వేయరు నసిగాడు. ఇంతకన్నా రుజువేం కావాలని సూపర్‌వైజరు సంతకానికి వంగాడు.

భార్య చేతిలో సూది ఆగింది.

"ఆయన కాదని మొదట్నించీ చెబుతున్నాను. ఆ పిల్లలేం పాపం చేశారండీ?"

"నా బండేం పాపం చేసింది?" అని కసిరాడు తలెత్తకుండానే.

ఆవిడ దారం కొరికి, చొక్కా మడత పెట్టి కుర్చీ మీదుంచి, డబ్బా తీసుకుని బల్ల దగ్గరికొచ్చింది.

"నా మిషనేం పాపం చేసింది?" అంటూ సూదుల మధ్య నుంచి రెండో తాళం తీసి ఫిర్యాదు మీద పెట్టింది.