ఎర్రగీత కింద

“ఈ గోడపత్రిక అంటించిందెవరు?”

హెడ్మాస్టరు అనంతపద్మనాభం గొంతు వినగానే, పత్రిక ముందు గుమిగూడిన పిల్లలంతా జారుకున్నారు. తొమ్మిదో తరగతి తవిటమ్మ ఒక్కతే నిలబడింది.

“నానేనండి. మీరు సంతకం ఎట్టిందే కదండి.”

విశాఖ ఉక్కు కోసం పిల్లలు చేసిన గొడవలయ్యాక, తన సంతకం లేనిదే పిల్లల రాతేదీ గోడెక్కకూడదని ఆర్డరు వేసింది ఆయనే.

“‘వానొస్తే క్లాసులో గొడుగులు వేసుకుంటున్నాం’ అన్న వాక్యం నేను కొట్టేశాను గదా!”

“కొట్టీసినట్టే ఉన్నాది, సూడండి. నానేటీ సెరపలేదు.”

నిజమే. ఎర్రగీత కింద అక్షరాలు చక్కగా కనబడుతున్నాయి.

“మిగతా పేజీ నిండా మంచి మాటలున్నాయి. అవి చదవరేం?”

“అవెవులు సదువుతారండి? అందరూ ఎర్రగీత కాడే ఆగిపోతన్నారు. డ్రిల్లు మేస్టారయితే రెండుసార్లు సదివారు.”

ఆయన పత్రిక పీకబోయి ఆగాడు. బడి కప్పు బాగుచేయించమని మూడేళ్ళుగా పైకి ఉత్తరాలు రాస్తున్నాడు. ఒక్కటీ ఎవరూ చదివినట్టు లేదు.

“రేపు ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారు, తెలుసా?”

“అయితే తీసీమంటారేటండి?”

“నీ కలం ఇలా ఇయ్యి.”

ఆ కలంతో పత్రిక అడుగున ‘నా గది కూడా కారుతోంది’ అని రాశాడు. తర్వాత జేబులోంచి ఎర్రకలం తీసి, దాన్ని జాగ్రత్తగా కొట్టేశాడు.