ఎవరింటి నీళ్ళు?

"ఏవండీ, ముందా పైపు పీకెయ్యండి! మన నీళ్ళు వెళ్ళి వాళ్ళ పొయ్యి ఆర్పేశాయట!"

వేదవతి ఫోను చేత్తో పట్టుకునే పెరట్లోకి పరిగెత్తుకొచ్చింది. సాంబమూర్తి బంగారు చేపల తొట్టిలో మోకాటి లోతు పచ్చటి నీళ్ళలో నిలబడి ఉన్నాడు. వానలు వెనకపట్టగానే ఏటా ఒకసారి తొట్టి కడగడం ఆయన అలవాటు. చేపల్ని టబ్బుల్లోకి మార్చాలి, పాత నీళ్ళు పైపుతో వీధి కాలవలోకి వదలాలి, అడుగున కుళ్ళిన ఆకులు ఎత్తి పారెయ్యాలి. చేపలన్నీ దొరికాయి గానీ చిట్టి ఒక్కటే దొరకలేదు. ఆ తొట్టిలోనే పుట్టి బతికి బట్టకట్టిన పిల్ల అది. ఎక్కడో పాకుడులో నక్కి ఉంటుంది.

"ఎవరి పొయ్యి?" అన్నాడు, ఇంకా చిట్టి కోసం తడుముతూనే.

"ఇంకెవరిది? వీధి మొగలో సమ్మెవాళ్ళు రోడ్డు మీద వంటా వార్పూ చేస్తున్నారుగా, వాళ్ళది. ఎదురింటి బిందుమాధవి చూసి చెప్పింది. కాలవ పొంగి నీళ్ళన్నీ పొయ్యి కిందకి పోయాయట. 'ఎవరింటి నీళ్ళు' అని గేటు గేటూ అడుగుతూ వస్తున్నారట!"

సాంబమూర్తి తడమడం ఆపేశాడు. సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. ఆంధ్రా నుంచి వచ్చి ఇల్లు కట్టుకున్నవాడు, తెలంగాణ వాళ్ళ పొయ్యిలో మురికి నీళ్ళు పోశాడు! ఇంక ఎవరు వింటారు? పారిపోదామన్నా ఎల్‌బీ నగర్ నుంచి బస్సులు కూడా లేవాయె.

పైపు పీకి అవతల పడేశాడు. ఇద్దరూ హాల్లోకి వచ్చి తలుపు గడియ పెట్టారు. అప్పుడే కరెంటు కూడా పోయింది. కిటికీ పక్కనున్న రెండు అద్దాల తొట్లలో బుడగలు ఆగిపోయాయి. ఒక్క రాయి పడితే చాలు, రెండూ భళ్ళుమంటాయి.

"చిన్నగా మంచం కిందకి జరుపుదామా?" అంది వేదవతి.

"నీళ్ళతో ఉన్న తొట్టి జరుపుతావా? నోర్మూసుకుని కూచో."

గేటు దబదబా మోగింది.

"సార్! ఇంట్ల ఎవరున్నరు?"

కర్టెను సందులోంచి చూశాడు. పదిమంది దాకా ఉన్నారు. అందరికంటే ముందు, సందు చివర కుట్టుమిషను పెట్టుకున్న దేవానందం. పోయిన నెలే సాంబమూర్తికి రెండు చొక్కాలు కుట్టిపెట్టాడు. ఇవాళ మెడలో గులాబీ కండువా, చేతిలో గజం పొడుగు ఇనప గరిటె. సాంబమూర్తి కళ్ళు ఆ గరిటె మీదే ఆగిపోయాయి.

"వెళ్ళకపోతే నీళ్ళు మనవేనని తెలిసిపోతుంది," అన్నాడు.

"వెళ్తే కొడతారేమో?"

సాంబమూర్తి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్ళి, గేటు తియ్యకుండా ఇవతలే నిలబడ్డాడు.

"గా నీళ్ళు మీ ఇంట్లకెళ్ళేనా సార్ ఒచ్చింది?" దేవానందం మొహంలో నవ్వు లేదు.

"మా ఇంట్లోంచా? అబ్బే! మాకు తాగడానికే నీళ్ళు లేవండీ."

"మరి లుంగీ తడిసింది?" అన్నాడు వెనకనుంచి సైదులనే కుర్రకారు నాయకుడు. వాడి చేతిలో మూత పెట్టిన స్టీలు గిన్నె ఉంది.

"స్నానం చేస్తున్నాను."

"మోచేతికి గా పాకురేంది?"

సాంబమూర్తి గబుక్కున తుడుచుకున్నాడు. అరచేతికి అంటింది. చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"ఎవ్వళ్ళవో తెల్వకుంట ఎనకకు పోయేది లేదు సార్," అన్నాడు దేవానందం. "సందంతా అడుక్కుంట ఒస్తున్నం."

"నిజంగా నాకు తెలీదు. అసలీ వీధిలో ఎవరికీ తొట్టి లేదు."

"మేం తొట్టి అనలే గద సార్."

నాలిక కరుచుకున్నాడు. కిటికీ వెనక వేదవతి దేవుళ్ళందరికీ మొక్కుకోవడం వీధి దాకా వినిపిస్తోంది.

"పొయ్యి సంగతి ఇడువుర్రి. మళ్ల అంటువెట్టుకుంటం," అన్నాడు దేవానందం. "ఆఖరిసారి అడుగుతున్న. మీవేనా, కాదా?"

ఇదేదో ఒప్పించడానికి వేసిన ఎత్తనిపించింది. ఒప్పుకుంటే అంతే సంగతులు.

"కాదండీ. మా అమ్మ తోడు."

దేవానందం గరిటె భుజాన వేసుకున్నాడు.

"సరే సార్, మీరు కాదంటె కాదు. పాండ్రి పోదాం."

సాంబమూర్తికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. గేటు పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

"మరి గిదేం జేద్దాం అన్నా?" అంటూ సైదులు గిన్నె మీద మూత తీశాడు. "అడిగినోళ్ళందరు మావి గావనే అన్నరు. గీ సారే ఆఖరు."

"ఏం జేస్తం? మళ్ల కాల్వలనే ఇడువు."

సాంబమూర్తి మునివేళ్ళ మీద లేచి చూశాడు. వాళ్ళు తాగడానికి తెచ్చుకున్న మంచినీళ్ళలో, వేలెడంత ఎర్రటి చిట్టి నోరు తెరుస్తూ మూస్తూ తిరుగుతోంది. పైపు మూతికి కట్టాల్సిన జాలీ దండెం మీదే ఉండిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. సైదులు గిన్నె పట్టుకుని కాలవ వైపు వంగాడు.

"ఆగండి! ఆగండి!" సాంబమూర్తి గేటు తోసుకుని వీధిలోకి దూకాడు. పదిమంది మధ్యలో నిలబడి, రెండు చేతులూ గిన్నె కోసం చాచాడు.

"నీళ్ళు మావి కావండీ... చేప మాత్రం మాదే."