పన్నెండో అధికరణం

మా దీవి రాజ్యాంగాన్ని మేం తెరల మీద చదివి నమ్మం. అక్కడ అది చెప్పాపెట్టకుండా మారిపోతుంది. అందుకే ఇంటికో అధికరణం కంఠతా పట్టి, రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని పైకి అప్పజెబుతాం. మా ఇంటి వంతు పన్నెండోది: "దీవిలో పుట్టినవారిని దీవి నుంచి వెళ్లగొట్టరాదు." ముప్పై ఏళ్లుగా దాన్ని మా అత్త పల్లాలమ్మే చెబుతోంది.

ఇవాళ చేపలు తోముతుంటే వినబడింది: "తగిన కారణం లేకుండా వెళ్లగొట్టరాదు."

నా చెయ్యి ఆగిపోయింది.

"అత్తా, ఆ ముక్క ఎక్కడిది? మండలివోళ్లు గానీ నీకేమన్నా ముట్టజెప్పేరా?"

"ఎప్పుడూ ఉన్నదే గదే! నన్నే అనుమానిస్తన్నావా?"

ఆవిడ మొహంలో అబద్ధం లేదు. చెవిలో మాత్రం కొత్త మిషను ఉంది. ముసలివాళ్లకు సరిగ్గా వినబడాలని దీవిని ఏలే మండలి పోయిన వారం ఇంటింటికీ ఉచితంగా పంచింది. అడగకుండానే దాన్ని లాగేశాను.

"ఇప్పుడు చెప్పు."

కళ్లు మూసుకుని చెప్పింది. ఆ ముక్క లేదు.

మిషను నా గుప్పిట్లో ఇంకా గొణుగుతూనే ఉంది. అంతలో పక్కింటి అరుగు మీంచి కాసులయ్య తాత గొంతు ఖంగుమంది:

"ఎన్నికలు ఐదేళ్లకొకసారి జరపవలెను, వీలైతే."