బురద బూట్లు

తలుపు మీద రెండుసార్లు చప్పుడైంది.

వెర్లీన్ చిటికె వేసింది.

ముగ్గురు పిల్లలూ లేచి, బాత్‌రూమ్‌లోకి పరుగెత్తి, స్నానాల తొట్టిలో ఒకరి వెనక ఒకరు కూర్చుని తెర లాక్కున్నారు. పదకొండు వారాలుగా అలవాటైన పని. నాలుగేళ్ల చిన్నది కూడా ఊపిరి బిగబట్టడం నేర్చుకుంది.

వాళ్ల తల్లి జోనెల్ బట్టల అలమరలోకి దూరింది.

జులై వరదలో ఏరు జోనెల్ ఉండే చక్రాల మీది ట్రైలర్ ఇంటిని వంతెన దాకా ఈడ్చుకుపోయింది. అప్పటినుంచి నలుగురూ అక్క వెర్లీన్ దగ్గరే. వెర్లీన్‌ది కొండ మీద సర్కారు అద్దె ఇల్లు. అద్దె కాగితంలో పేరు లేనివాళ్లు పద్నాలుగు రోజులు దాటి ఉంటే ఇల్లు పోతుంది. కెంటకీ కొండల్లో ఆ నియమం పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

వెర్లీన్ తలుపు జానెడు తెరిచింది.

అరవై దాటిన మనిషి. చేతిలో కాగితాలు బిగించిన అట్ట.

వెర్లీన్ ముందు అతని బూట్లు చూసింది. పాత సామాన్ల సంతలో ఆమెది ముప్పై ఏళ్ల దుకాణం. వస్తువుకైనా మనిషికైనా చూపుతోనే వెల కట్టేస్తుంది. మడమలు అరిగాయి. ఒక లేసు నలుపు, ఒకటి గోధుమ రంగు. చీలమండల దాకా బురద. ఇలాంటివాణ్ని ఆఫీసువాళ్లు కొండలెక్కడానికి పంపుతారు. వాడి మాట ఎక్కడా చెల్లదు.

"హౌసింగ్ ఆఫీసు నుంచి వచ్చానమ్మా. ఇంట్లో ఎంతమంది ఉంటున్నారు?"

"ఒక్కదాన్నే."

"మరి ఆ చిన్న చెప్పులు?"

"సంతలో అమ్మడానికి."

అతను నవ్వాడు. "ఒక్క మాట వినండి. మరమ్మతులకిచ్చిన డబ్బుని ఈసారి ఇళ్లు పోయినవాళ్ల కోసం వాడుకోవచ్చని పైనుంచి అనుమతి వచ్చింది. వాళ్లకి వేరే ఇల్లు చూపించి, ఏడాది అద్దె మేమే కడతాం. ఎవరెవరు ఉన్నారో చెప్పి, వాళ్లతో ఇక్కడ సంతకం పెట్టిస్తే చాలు. శుక్రవారం ఆఖరు."

"రుజువులు?"

"వరదలో పోయాయిగా. అక్కర్లేదు."

"జీతం కాగితం?"

"అదీ అక్కర్లేదు. మీ మాట చాలు."

వెర్లీన్ లోలోపల నవ్వుకుంది. ఇంత చవగ్గా వచ్చే సరుకు దొంగదైనా అయ్యుండాలి, పుచ్చుదైనా అయ్యుండాలి. సంతకం పెట్టడమంటే నియమం తప్పామని మన చేత్తో మనమే రాసివ్వడం.

"సంతకం పెడితే ఖాళీ చేయించరని పూచీ ఎవరిది?"

"నాది."

"నీదా? ముందు రెండు లేసులూ ఒక రంగువి కొనుక్కో పెద్దాయనా. పూచీ తర్వాత పడుదువుగాని."

అతను బూట్ల వైపు చూసుకున్నాడు. జేబులోంచి ఏదో కార్డు తీయబోయాడు.

బాత్‌రూమ్‌లో చిన్నది దగ్గింది.

"పిల్లి," అని వెర్లీన్ తలుపు మూసేసింది.

మర్నాడు తలుపు పిడికి ఒక కాగితం సంచీ వేలాడుతోంది. లోపల పిల్లల దగ్గుమందు. 'పిల్లికి' అని చీటీ.

జోనెల్ సీసా చేతిలోకి తీసుకుంది. "మంచివాడిలా ఉన్నాడక్కా. పెట్టేస్తాను సంతకం. తడి తొట్టిలో కూర్చునీ కూర్చునీ చిన్నదానికి ఈ దగ్గు. రాబోయేది చలికాలం."

"పెట్టు. పెట్టి పిల్లల్ని తీసుకెళ్లి వంతెన కింద కాపురం పెట్టు. నేనూ వస్తాలే, నా ఇల్లూ పోతుందిగా."

జోనెల్ సంతకం మాట వదిలేసింది. సీసా చెత్తబుట్టలోకి వెళ్లింది.

ఆ ఇళ్లన్నిటికీ ఉమ్మడిగా ఉన్న బట్టలుతికే గదిలో వెర్లీన్ ఇరుగుపొరుగువాళ్లందరికీ చెప్పింది. "అది ఎర. ఎవరూ నోరు విప్పకండి." ఆ వరసలో పదకొండు ఇళ్లలో వరదవాళ్లు దాక్కుని ఉన్నారు. పదకొండు ఇళ్లూ తల ఊపాయి.

శుక్రవారం వానలో అతను మళ్లీ వచ్చాడు. ప్రతి తలుపూ తట్టాడు. ఒక్కటీ తెరుచుకోలేదు.

"ఏమయ్యా, ఒక్క చేపైనా పడలేదా?" పై కిటికీలోంచి ఎవరో అన్నారు.

వెర్లీన్ ఇల్లు తుడిచిన నీళ్ల బకెట్ తెచ్చి మెట్ల మీద గుమ్మరించింది. నీళ్లు అతని బూట్ల మీదుగా పారాయి. "బురద వదులుతుందిలే," అంది. కిటికీలన్నీ నవ్వాయి.

అతను కాగితాలను కోటు లోపల దాచుకున్నాడు. అయిదు దాకా ఉత్తరాల పెట్టెల దగ్గరే నిలబడి, వెళ్లిపోయాడు.

"ఇంక రాడు," అంది వెర్లీన్. ఆమె అంచనా తప్పలేదు.

సోమవారం మళ్లీ చప్పుడు. చిటికె. పరుగు. తెర.

గుమ్మంలో ఒకావిడ. నల్లగా మెరుస్తున్న కొత్త బూట్లు. వెర్లీన్ చేతులు తామంతట తామే తలుపు బార్లా తీశాయి.

ఆవిడ పలకరించకుండా బాత్‌రూమ్‌కి వెళ్లి తెర లాగింది. చిన్నది ఇంకా ఊపిరి బిగబట్టే ఉంది.

"పద్నాలుగు రోజుల్లో అందరూ ఖాళీ చేయాలి," అని నోటీసు చేతికిచ్చింది.

వెర్లీన్ చదివింది. ముగ్గురు పిల్లల పేర్లూ అచ్చులో ఉన్నాయి. పైన ఆగస్టు తేదీ కొట్టేసి ఇవాళ్టిది వేశారు.

జోనెల్ అలమరలోంచి వచ్చేసింది. "ఆ పెద్దాయన సంతకమన్నాడుగా. ఇప్పుడు పెడతానమ్మా."

"ఆ డబ్బు వెనక్కి పోయింది. ఒక్క సంతకమూ రాలేదంటే ఇక్కడ ఎవరికీ అవసరం లేదనేగా?"

"మీదే తప్పు," అంది వెర్లీన్. "మాట చెల్లే పెద్దమనిషిని పంపాల్సింది. అలాంటి బూట్లవాణ్ని పంపితే ఎవరు నమ్ముతారు?"

ఆవిడ పక్కింటి నోటీసు బయటికి తీస్తూ అంది.

"ఆయన్ని పంపడానికి మా ఆఫీసులో ఆయన పైన ఎవరూ లేరమ్మా. అక్కడ పెద్ద ఆయనే. ఆగస్టు నుంచి ఈ పదకొండు నోటీసులూ తన సొరుగులో పెట్టి తాళం వేసుకుని కూర్చున్నాడు, శుక్రవారం సాయంత్రం సంతకాల్లేని ఖాళీ కాగితం చూసి, ఆఫీసు మీద పెత్తనం చేసే బోర్డు ఉద్యోగం వదిలి పొమ్మంటే ఆ తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు."