షికాగో నుంచి హూడికి

కాల్ సెంటర్లు కొత్తగా పుట్టుకొస్తున్న రోజులవి. బెంగళూరు శివారు హూడిలో ఓ మేడమీది ఆఫీసులో రాత్రి కాగానే ప్రమీల పమేలా అయిపోయేది. షికాగోలో కూర్చున్నట్టే మాట్లాడాలి. కస్టమర్ పెట్టేదాకా ఫోన్ పెట్టకూడదు. అక్కడి నియమాలు అవి.

ఆ రాత్రి, విమానం టికెట్ రద్దయిన మనిషి ఒకడు ఆమెను ఇంగ్లీషులో తిట్టీ తిట్టీ, చివరికి గొంతు తగ్గించి అడిగాడు.

"షికాగో నుంచి బెంగళూరుకు ఎంతసేపు?"

ఈ ఊరి పేరు ప్రమీల ఎత్తనేలేదు.

"దాదాపు ఇరవై గంటలు సార్. మధ్యలో విమానం మారాలి."

"వస్తున్నా," అన్నాడు. ఫోన్ మాత్రం పెట్టలేదు.

కాసేపు ఊపిరి చప్పుడు ఒక్కటే వినిపించింది. ఆ తర్వాత కుక్కల అరుపులు. ఏసీ చెడిపోయి తెరిచి ఉంచిన కిటికీలోంచి కుడిచెవికీ, హెడ్‌సెట్‌లోంచి ఎడమచెవికీ అవే అరుపులు.

ఆమె మ్యూట్ నొక్కి, కిటికీలోంచి కింద గేటు దగ్గరున్న వాచ్‌మన్‌ను పిలిచింది.

"జయరామప్పన్నా, ఎవరైనా వచ్చారా?"

"ఎవురూ లేరమ్మా. నేనొక్కణ్ణే ఉండాను."

ఆ జవాబు ఆమెకు రెండుసార్లు వినబడింది. కిటికీలోంచి దూరంగా ఒకసారి. హెడ్‌సెట్‌లో, జయరామప్ప పక్కనే నిలబడి విన్నంత దగ్గరగా ఇంకోసారి.

కింద కుక్కలు టక్కున ఆగిపోయాయి.

"అబద్ధం చెప్పావు ప్రమీలా," అన్నాడతను, ఈసారి తెలుగులో. "అంత దూరమేం లేదు."