సత్యారావుకి సన్మానం

క్యాంప్ 2 సందులో జీపు ఆగింది. ముందు డోలు దిగింది, వెనక సత్యారావు దిగాడు. మెడలో బంతిపూల దండ, భుజాల మీద శాలువా, చంకలో గోడగడియారం. ఫ్యాక్టరీలో ఆఖరి రోజు ముగించుకున్న మనిషిని తోటివాళ్లు ఇలా ఊరేగించి ఇంట్లో దింపడం అక్కడి ఆనవాయితీ.

గున్నమ్మ హారతి పళ్లెంతో గుమ్మంలో నిలబడింది. వీణ్ణి మొదటిరోజు డ్యూటీకి ఈ గుమ్మంలోంచే సాగనంపింది. నిన్నో మొన్నో అన్నట్టుంది. ఆమె భర్తనీ ఇలాగే దండ వేసి దింపారు. పనిలేక మంచం అంచున కూర్చుని కూర్చుని, ఆర్నెల్లు తిరక్కుండా ఆయన వెళ్లిపోయాడు.

ఎదురింటి భాగ్యరేఖ సమోసా కొరుకుతూ వచ్చింది.

"ఇంకేటి గున్నమ్మత్తా, రేపట్నుంచి పాలకీ కూరలకీ మీవోడే."

గున్నమ్మకి నవ్వు రాలేదు. రేపు సైరన్ కూస్తే వీడు ఎటు వెళ్తాడు?

ఫోర్‌మన్ నరసింగరావు జేబులోంచి నలిగిన కాగితం తీశాడు. ఎన్ని వీడ్కోళ్లు చూసిందో, మడతల దగ్గర చిరిగిపోయింది. సత్యారావు క్రమశిక్షణ భావితరాలకి ఆదర్శమని చదివాడు. ఆయన లేని లోటు తీరనిదన్నాడు. శేషజీవితం ఆరోగ్యంగా, ప్రశాంతంగా గడవాలని దీవించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వచ్చే నెల ఇలాంటి శాలువాయే కప్పించుకోబోతున్న సంజయ్ వీడియో తీస్తూ, కాస్త నవ్వమని సైగ చేశాడు.

సత్యారావు నవ్వలేదు. నడుము పట్టేసిందని రోజూ నూనె రాయించుకునే మనిషి ఇవాళ ఆ ఊసే ఎత్తలేదు.

"రేపట్నుంచి ఏటి సేస్తావు నాయినా?" అని గున్నమ్మ మెల్లగా అడిగింది.

"ఆరామ్," అన్నాడు గడియారం కేసి చూస్తూ.

ఆ ఒక్క మాటకి ఆమె హారతి పళ్లెం గట్టు మీద పెట్టేసింది. జీపెక్కబోతున్న నరసింగరావుకి అడ్డం వెళ్లింది. ఇంట్లో ఊరికే కూర్చుంటే మనిషి తనకి దక్కడని చెప్పింది. గేటు దగ్గర కాపలాకైనా పెట్టుకోమంది. ఇంకొక్క ఏడాది ఉంచమని చేతులు పట్టుకుంది.

నరసింగరావు ఇబ్బందిగా చేతులు విడిపించుకున్నాడు.

"అప్రెంటిసులకి ఏడాది దాటితే రూలొప్పుకోదమ్మా, అయినా మీ మనవడికి ఇంకా పంతొమ్మిదైనా నిండలేదు కదా, అప్పుడే బెంగేటి?"