నెలకో సీసా

ఒక్క సీసా కోసం ఇంత పోస్టేజీ ఎవరైనా కడతారా అని లతీఫాకు మే నెలలో మొదటిసారి అనుమానం వచ్చింది.

క్లేటన్‌లోని ఇంటి గరాజే ఆమె దుకాణం. కెనడా నుంచి పెద్ద డబ్బాల్లో వచ్చే మేపుల్ సిరప్‌ను పావులీటరు గాజు సీసాల్లోకి నింపి ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. అమ్మడం సులువే, పంపడమే కష్టం. గాజు బరువు. పగిలిందంటే దారంతా జిగురు. మొదటి ఏడాది మిగిలిందంతా పార్సిళ్లకే పోయింది. తర్వాత మెల్లగా కిటుకులు తెలిశాయి. ఐదు కిలోల లోపు ఎంత బరువైనా ఒకటే ధర పడే పెట్టె ఉందని తెలుసుకుంది. కూరగాయల కొట్లో పారేసే అట్టలు తెచ్చి, ఆ పెట్టెలో ఆరు సీసాలు పట్టేలా అరలు కట్టింది. మూతల చుట్టూ టేపు వేసి, సీసాలను ఒక పూటంతా తలకిందులుగా నిలబెట్టి, చుక్క కారలేదని తేలాకే సర్దేది.

ఒకటి కొన్నా ఆరు కొన్నా పోస్టేజీ ఒకటేనని సైట్‌లో పెద్ద అక్షరాలతో రాసింది. దాంతో అందరూ ఆరేసి తీసుకుంటున్నారు.

నీరజ తప్ప.

నీరజ ఉండేది మిల్డ్యూరా అనే ఊరు దాటాక, ఒక ద్రాక్షతోటలో. మొదటి ఆర్డర్ పెట్టే ముందు, ఫిబ్రవరిలో, తనే ఫోన్ చేసింది.

"అక్కా, మీది నంద్యాలంట కదా? మాది ఆళ్లగడ్డ. చానా దినాలైంది మన మాట విని" అంది.

అరగంట వదల్లేదు. భర్త రాధాకృష్ణ ఆ తోటలోనే సూపర్‌వైజరట. తనకు డ్రైవింగ్ రాదట. కనుచూపు మేరలో ఇంకో ఇల్లు లేదట. ఆయనకు తీపి పడదు కాబట్టి ఒక్క సీసా తనకు మూడు నెలలు వస్తుందని చెప్పి నవ్వింది. అంతలో వెనకాల తలుపు చప్పుడైంది. మళ్లీ చేస్తానని గొంతు తగ్గించి చెప్పి పెట్టేసింది.

మళ్లీ చేయలేదు. ఆర్డర్లు మాత్రం వచ్చాయి. మార్చిలో ఒక సీసా. ఏప్రిల్‌లో ఒకటి. మేలో ఒకటి. పైగా ప్రతిసారీ అదనంగా డబ్బు కట్టి, సంతకం తీసుకున్నాకే పార్సిల్ ఇవ్వాలని అడగడం.

లతీఫా ఉండబట్టలేక మెయిల్ పెట్టింది. ఆరు ఒకేసారి తీసుకుంటే ఏడాదిన్నర వస్తాయనీ, సంతకానికి డబ్బు దండగనీ రాసింది.

"వద్దక్కా. నెలకొకటే పంపండి. సంతకం మాత్రం ఉండాల" అని జవాబు వచ్చింది.

ఫోన్ చేస్తే స్విచాఫ్. అడిగితే, పాడైందని మెయిల్.

భర్త ఇమాద్‌తో చెప్పుకుంది. అతను లేబుళ్ల మీద నుంచి తలెత్తలేదు.

"ఇట్స్ హర్ మనీ, లతీఫా. కస్టమర్ కడ్తాంది, మనం పంపిస్తాండాం. నీకెందుకు టెన్షన్?"

కానీ ఆమె మనసు ఒప్పుకోలేదు. జూన్ సీసాకు టేపు చుడుతూ చుడుతూ ఆగిపోయింది. సంతకం కావాలంటే పోస్ట్‌మన్ గుమ్మం దాకా రావాలి. తలుపు కొట్టాలి. ఎదురుగా నిలబడాలి. నెలకొక్కసారి ఒక మనిషి ముఖం చూడడానికే ఆ పిల్ల ఇంత డబ్బు పోస్తోందా? గడప దాటనివ్వని ఇంట్లో గానీ ఉందా?

ఆ ఆలోచన వచ్చాక మరి పోలేదు. జూలై పార్సిల్‌లో, సీసా కింది అట్ట మడతలో ఒక చీటీ పెట్టింది. 'నీరజా, ఏదైనా కష్టముంటే ఈసారి రెండు సీసాలు ఆర్డర్ పెట్టు. ఇంకేమీ రాయొద్దు. నాకు అర్థమవుతుంది.'

నాలుగో రోజున పార్సిల్ చేరినట్టు ఫోన్‌లో కనిపించింది. కింద నీరజ సంతకం. వేలితో గీసినా తడబాటు లేని గుండ్రటి అక్షరాలు.

ఆ తర్వాతి మూడు వారాలూ లతీఫాకు అన్నం సహించలేదు. ఫోన్ మోగినప్పుడల్లా ఆర్డరేమోనని చూసేది. పోలీసులకు చెబుదామా అంటే ఏమని చెప్పాలి? ఒకావిడ సిరప్ కొంటోందనా?

ఆగస్టు ఆర్డర్ వచ్చింది. ఒకటే సీసా. కింద రెండు ముక్కలు కూడా ఉన్నాయి.

"చీటీ చూసినా అక్కా. నేను బాగుండా, మా ఆయన నన్ను బాగా చూసుకుంటాడు."

లతీఫా అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చేసింది. అల్లా దయ అనుకుంది. ఇమాద్ నవ్వాడు. ఆ తర్వాత సెప్టెంబరులో, అక్టోబరులో నీరజ సీసాలను మరింత శ్రద్ధగా సర్దింది. నవంబరు నుంచి ఆర్డర్లు ఆగిపోయాయి. సీసా మూడు నెలలు వస్తుందన్న లెక్క నీరజకు చివరికి గుర్తొచ్చిందేమో అనుకుంది.

జనవరిలో ఒక మధ్యాహ్నం ఇద్దరు పోలీసులు గరాజ్ ముందు ఆగారు. వాళ్లలో పెద్దావిడ చేతిలో లతీఫా పంపిన బిల్లులన్నీ ఉన్నాయి. వాటితోపాటు ఎనిమిది సంతకాల కాపీలు.

నీరజ కనబడడం లేదట. ఆళ్లగడ్డలో ఉన్న అన్న కార్తికేయ ఫిర్యాదు చేశాడట. రాధాకృష్ణ మాత్రం, అక్టోబరు దాకా ఆమె ఇంట్లోనే ఉందనీ, నవంబరులో తాను ఇండియా వెళ్లి వచ్చేలోపు ఇల్లు వదిలి వెళ్లిపోయిందనీ చెబుతున్నాడట. ఈ కాగితాలు అతనే ఇచ్చాడట.

అక్టోబరు దాకా ఆర్డర్లు పెట్టింది ఆమేనా అని అడిగారు.

లతీఫా తడుముకోలేదు. ఆమేనంది. మెయిళ్లన్నీ తీసి చూపించింది. తనకూ ఒకప్పుడు అతని మీద అనుమానం వచ్చిందనీ, చీటీ పెట్టి మరీ కనుక్కున్నాననీ, అతను బాగానే చూసుకుంటాడని నీరజే రాసిందనీ చెప్పింది.

"ప్లీజ్, ఆ పిల్ల ఎక్కడుందో తెలిస్తే నాకొక్క మాట చెప్పండి" అంది.

పెద్దావిడ నోటుబుక్కు మూసి, నీరజ నిన్న ఆ ద్రాక్షతోటలోనే దొరికిందనీ, ఆమె చనిపోయింది ఫిబ్రవరిలోననీ నెమ్మదిగా చెప్పింది.